ఒక్క దీర్ఘంలోనే ఉంది అంతా!

‘వెరీ’కీ ‘టూ’కీ తేడా ఏమిటని అడిగితే చాలామంది తడబడతారు. ‘రెండూ ఒకటేగా’ అనేవాళ్ళూ ఉన్నారు. ఒకటి కాదు. ఆ రెంటి మధ్యా ఒక గీత ఉంది. ఆ గీత దాటితే కూర చెడుతుంది, పంట చెడుతుంది, ఒక్కోసారి ఊరే రెండుగా చీలుతుంది.

కారంచేడులో ఓ ఇల్లు అనుకుందాం. వేసవి సెలవులకు డాలస్ నుంచి కొడుకూ కోడలూ వచ్చారు. వెంట పదేళ్ళ మనవడు. మధ్యాహ్నం భోజనాల వేళ. నాయనమ్మ వేడివేడి అన్నంలో గోంగూర పచ్చడి వేసి, నెయ్యి కలిపి, ముద్ద చేసి మనవడి నోట్లో పెట్టింది. వాడి కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి.

‘నానమ్మా... ఇట్స్ టూ స్పైసీ’ అన్నాడు.

‘ఏమంటున్నాడే?’ కోడల్ని అడిగింది పెద్దావిడ.

‘కారంగా ఉందంటున్నాడత్తయ్యా.’

నాయనమ్మ మొహం వెలిగిపోయింది. ‘మరి కారంచేడంటే ఏమనుకున్నావురా? గోంగూరన్నాక ఆమాత్రం కారం లేకపోతే ఎట్టా?’ అంటూ ఇంకో ముద్ద కలిపింది!

ఇందులో తప్పెవరిది? పిల్లాడు చెప్పాల్సింది సరిగ్గానే చెప్పాడు. పెద్దావిడ విన్నది విన్నట్టే అర్థం చేసుకుంది. మధ్యలో జారిపోయింది ఒకే ఒక్క మాట... ‘మరీ’. కోడలు ‘మరీ కారంగా ఉందంట’ అని ఉంటే రెండో ముద్ద బదులు మజ్జిగ గ్లాసు వచ్చేది. ‘కారంగా ఉంది’ అంటే మెచ్చుకోలు. ‘మరీ కారంగా ఉంది’ అంటే మొర. ఈ తేడా మోసే బరువంతా ఇంగ్లిషులో ‘టూ’ అనే చిన్న మాట మీద ఉంది.

ఆ మాట పుట్టిందిలా...

ఇంగ్లిషులో ‘టు’, ‘టూ’ ఒకప్పుడు రెండు మాటలు కావు. ఒకటే. పాత ఇంగ్లిషులో ‘కి’, ‘వైపు’ అనే అర్థాల్లో వాడిన మాటనే, ఒత్తి పలికినప్పుడు ‘దానికి తోడు’, ‘అంతకు మించి’ అనే అర్థాల్లోనూ వాడేవారు. రెంటినీ వేరుగా చూపించడానికి ఒత్తి పలికే మాటకు చివర ఇంకో ‘ఓ’ చేర్చి రాయడం 16వ శతాబ్దంలో స్థిరపడింది. మన లెక్కలో చెప్పాలంటే, దీర్ఘమిచ్చారన్నమాట.

తమాషా ఏమిటంటే తెలుగు కూడా అదే దారిలో నడిచింది. ‘మరి’ అంటే ఇంకా, వేరే అని. మరొకటి, మరికొంత, మరికొన్ని... అన్నీ దాని పిల్లలే. ఆ ‘మరి’కి దీర్ఘమిస్తే ‘మరీ’. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ పోతే హద్దు దాటేస్తాం కదా. ఆ దాటడమే ‘మరీ’.

అంతేనా? ‘టూ’కి ‘కూడా’ అనే అర్థం కూడా ఉంది. దానికీ మన దగ్గర దీర్ఘమే ఉంది. నేను, నేనూ. మేము, మేమూ. చివరి అచ్చును కాస్త సాగదీస్తే చాలు, ‘కూడా’ అని విడిగా చెప్పనక్కర్లేదు. ఎక్కడో ఇంగ్లండులో ఒకే మాటకు దొరికిన రెండు అర్థాలు, ఇక్కడ మన నాలుక మీద ఒకే దీర్ఘంతో పలుకుతున్నాయి!

‘చాలా’లో దాగిన ‘చాలు’

‘వెరీ’ని మనం ‘చాలా’ అంటాం. ఈ మాటను కాస్త గీకి చూడండి. లోపల ‘చాలు’ కనిపిస్తుంది. సరిపోవడం అనే అర్థమిచ్చే క్రియ నుంచే ‘చాల’ వచ్చింది. చాలినంత ఉన్నదే ‘చాలా’. అంటే మన పెద్దల దృష్టిలో సమృద్ధి అంటే కుప్పలు తెప్పలు కాదు, సరిపోయినంత. చాలకపోతే ‘చాలదు’. చాలితే ‘చాలు’. అంతకు మించితే ‘మరీ’.

ఇంగ్లిషులోనూ ఈ మూడు మెట్లే. చాలినంత ఉంటే ‘ఎనఫ్’. బాగా ఉంటే ‘వెరీ’. హద్దు దాటితే ‘టూ’. ‘వెరీ’ కేవలం ఎంత ఉందో చెబుతుంది. ‘టూ’ అలా కాదు. ఎంత ఉండాలో మనసులో ఒక లెక్క పెట్టుకుని, దాన్ని మించిందని చెబుతుంది. ‘ద టీ ఈజ్ వెరీ హాట్’ అంటే టీ బాగా వేడిగా ఉంది. కొందరికి అలాగే ఇష్టం. ‘ద టీ ఈజ్ టూ హాట్’ అంటే నోరు కాలుతుంది, తాగలేం. ‘వెరీ’ వర్ణన. ‘టూ’ తీర్పు.

అలాగని తెలుగులో ‘టూ’కి ఎప్పుడూ ‘మరీ’ అనే చెప్పుకోవాలా? అక్కర్లేదు. మనం ఆ పని చాలాసార్లు క్రియతోనే కానిచ్చేస్తాం. ‘ఉప్పు ఎక్కువైంది’ అంటాం. ‘చొక్కా లూజయింది’ అంటాం. ‘అప్పుడే ఆలస్యమైపోయింది’ అంటాం. ఆ ‘అయింది’, ‘అయిపోయింది’లోనే హద్దు దాటిన సంగతి ఉంది. ఇంకోసారి ‘నాకు’ అన్న ఒక్క మాటతో సరిపెడతాం. ‘ఈ చెప్పులు పెద్దవి’ అంటే పెద్ద చెప్పులని. ‘ఈ చెప్పులు నాకు పెద్దవి’ అంటే నా కాళ్ళకు సరిపోవని. ఒక్కోసారి ప్రశ్నే చాలు... ‘ఇంత చిన్న పిల్లాడికి అంత పెద్ద సంచా!’

చిక్కంతా ఇక్కడే వస్తుంది. ‘టూ’ అనే అర్థం మన వాక్యంలో విడిగా, ఒక మాటగా కనిపించదు కాబట్టి ఇంగ్లిషులోకి మార్చేటప్పుడు దాన్ని వదిలేస్తాం. ‘ఎక్కువ’ కనిపించగానే ‘మోర్’ అని పెట్టేస్తాం. ‘కర్రీలో సాల్ట్ మోర్ అయింది’ అని ఇంట్లో అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. అదే ‘సాల్ట్ ఈజ్ మోర్’ అని బయటి దేశంలో అంటే ఎదుటివాళ్ళు ‘దేనికన్నా మోర్?’ అన్నట్టు చూస్తారు.

పదో తరగతి ‘టూ’

పదో తరగతి ఇంగ్లిషు వ్యాకరణం చదివిన ఎవరికైనా ‘టూ... టు’ గుర్తుండే ఉంటుంది. వాక్యంలో ‘టూ’ తీసేయాలి. దాని బదులు ‘సో... దట్... నాట్’ పెట్టాలి. తాత నడవలేనంత నీరసంగా ఉన్నాడు. ‘హీ ఈజ్ టూ వీక్ టు వాక్’. దీన్ని ‘హీ ఈజ్ సో వీక్ దట్ హీ కెనాట్ వాక్’ అని తిప్పి రాయాలి. సూత్రం బట్టీ పడితే మార్కు ఖాయం.

అయితే సూత్రం నేర్పినంత శ్రద్ధగా దాని వెనకున్న మాట చాలా తరగతి గదుల్లో నేర్పలేదు. అదేమిటంటే, ‘టూ’ ఎప్పుడూ ఒంటరిగా రాదు. తన వెనక ఒక ‘నాట్’ను తెచ్చుకుంటుంది. పైకి కనిపించదు, కానీ ఉంటుంది. టూ హాట్ అంటే తాగలేం. టూ హెవీ అంటే ఎత్తలేం. టూ లేట్ అంటే అందుకోలేం. హద్దు దాటినప్పుడు ఏదో ఒక పని జరగకుండా పోతుంది. ఆ జరగని పనే ‘టూ’ చెప్పే అసలు సంగతి.

అందుకే పెళ్ళిచూపుల్లో ‘అవర్ గర్ల్ ఈజ్ టూ ఇంటెలిజెంట్’ అంటే అమ్మాయిని పొగిడినట్టు కాదు. ‘దేనికి టూ ఇంటెలిజెంట్? మా అబ్బాయికా?’ అని అవతలివాళ్ళు అడగొచ్చు! ‘వెరీ ఇంటెలిజెంట్’ అంటే గొడవే లేదు.

బట్టీ సూత్రం బోల్తా కొట్టే చోట్లు కూడా ఉన్నాయి. ‘టూ బిగ్ టు ఫెయిల్’ అనే మాట వినే ఉంటారు. 1984లో అమెరికాలో కాంటినెంటల్ ఇల్లినాయ్ బ్యాంకును ప్రభుత్వం ఆదుకున్నప్పుడు చట్టసభ విచారణలో స్టీవార్ట్ మెకిన్నీ అనే సభ్యుడి నోట వచ్చి ప్రచారంలోకి వచ్చింది. 2008 ఆర్థిక సంక్షోభంలో ప్రపంచమంతా మార్మోగింది. సూత్రం ప్రకారం మారిస్తే ‘ఆ బ్యాంకు ఎంత పెద్దదంటే పడిపోలేదు’ అని వస్తుంది. అసలు అర్థం అది కాదు. అది పడితే అందరి మీదా పడుతుంది కాబట్టి పడనివ్వకూడదని. అంత పెద్ద లేమన్ బ్రదర్స్ 2008 సెప్టెంబరు 15న దివాలా ప్రకటించనే ప్రకటించింది. ‘టూ’ వెనకున్న ‘నాట్’ కొన్నిసార్లు లెక్క కాదు, ఒట్టి నమ్మకం మాత్రమే.

టూ మచ్... త్రీ మచ్!

బళ్ళో తడబడినా బయట మాత్రం ‘టూ’ని మనం బాగానే సొంతం చేసుకున్నాం. ‘మరీ టూ మచ్ చేస్తున్నావ్’ అనని కాలేజీ కుర్రాడుంటాడా? అందులో ‘మరీ’ ఉంది, ‘టూ’ ఉంది, ‘మచ్’ ఉంది. హద్దు మీద హద్దు! అదీ చాలక ‘టూ’ అంటే రెండు కదాని ‘త్రీ మచ్’ కూడా పుట్టించాం. ‘ఓవరాక్షన్’ అయితే తెలుగు మాటే అయిపోయింది. నాటకాల నుంచి, సినిమాల నుంచి వంటింట్లోకి వచ్చేసింది. రకరకాల భాషల్లో సినిమాలు తీసి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న నిర్మాత డి.రామానాయుడు పుట్టిన ఊరు కారంచేడే. తెర మీద నటుడు మోతాదు మించితే ‘ఓవర్’. ఇంట్లో పిల్లాడు పేచీ పెడితే ‘ఓవర్ చేయకు’. దానికి అచ్చంగా మన మాట ‘అతి’.

‘అతి’ది ఇంకో తమాషా. ‘ప్రపంచంలోనే అతిపెద్ద’ అన్నప్పుడు గొప్ప. ‘అతి చేస్తున్నాడు’ అన్నప్పుడు చులకన. అతి వినయం ధూర్త లక్షణమన్నారు. అతి రహస్యం బట్టబయలన్నారు. మాట ఒకటే, వాడే చోటును బట్టి దండ వేస్తుంది, దండిస్తుంది.

‘టూ గుడ్’ సంగతీ అంతే. పాట బాగుంటే ‘టూ గుడ్’ అంటున్నారు మన కుర్రకారు. వ్యాకరణం పుస్తకం ఒప్పుకోదు. కానీ ఇది మన ఒక్కరి అలవాటు కాదు. ఫ్రెంచిలో ‘మరీ’ అనే అర్థమున్న ‘త్రో’ అనే మాటను అక్కడి కుర్రకారు ‘భలే’ అన్నట్టు వాడుతున్నారు. మెచ్చుకోవడానికి ‘చాలా’ చాలకపోతే ‘మరీ’ని లాక్కురావడం అన్ని దేశాల యువతరానికీ సరదానే. స్నేహితుల మధ్య ‘టూ గుడ్’ అనండి, తప్పులేదు. ఉద్యోగానికి రాసే ఉత్తరంలో మాత్రం ‘వెరీ గుడ్’ దగ్గరే ఆగండి.

ఇలా అనండి...

* కూరలో ఉప్పు ఎక్కువైంది: ‘సాల్ట్ ఈజ్ మోర్’ కాదు, ‘దేర్ ఈజ్ టూ మచ్ సాల్ట్ ఇన్ ద కర్రీ’.

* బస్సులో జనం మరీ ఎక్కువ: లెక్కపెట్టగలిగిన వాటికి ‘టూ మెనీ’. కాబట్టి ‘టూ మెనీ పీపుల్’. లెక్కపెట్టలేని వాటికి ‘టూ మచ్’. టూ మచ్ నాయిస్, టూ మచ్ డస్ట్.

* చెప్పులు నాకు పెద్దవయ్యాయి: ‘దీజ్ ఆర్ టూ బిగ్ ఫర్ మి’. ‘టూ మచ్ బిగ్’ అనకూడదు. ఇంకా గట్టిగా చెప్పాలంటే ‘మచ్ టూ బిగ్’. మాటలు తారుమారైతే అర్థమూ తారుమారే.

* ఎత్తు సరిపోతుంది: ‘టూ’ మాటకు ముందు వస్తుంది, ‘ఎనఫ్’ వెనక వస్తుంది. ‘టూ టాల్’, ‘టాల్ ఎనఫ్’.

* నాకూ ఇష్టమే: ‘ఐ లైక్ ఇట్ టూ’. నాకూ ఇష్టం లేదు అనడానికి మాత్రం ‘టూ’ పనికిరాదు. ‘ఐ డోంట్ లైక్ ఇట్ ఐదర్’ అనాలి.

* సంతోషంగా చేస్తాను: ‘ఐ యామ్ ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్’. ఇక్కడ ‘టూ’ వెనక ‘నాట్’ లేదు. ‘సాయం చేయలేనంత సంతోషంగా ఉన్నాను’ అని అనువదించుకోవద్దు!

చేనుకు తెలిసిన ‘మరీ’

ఇదంతా మాటల గొడవ, బతుక్కి దీంతో పనేముంది అనిపించొచ్చు. పనుంది. కావాలంటే కారంచేడు, పర్చూరు ప్రాంతాల నల్లరేగడి చేలను అడగండి.

1980ల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిని తెల్లబంగారమన్నారు. అప్పుడే సింథటిక్ పైరిథ్రాయిడ్లనే కొత్తరకం పురుగుమందులు వచ్చాయి. మొదట్లో అద్భుతంగా పనిచేశాయి. ఒకసారి కొడితే పురుగు రాలిపోయింది. ఒకసారికే ఇంత పనిచేస్తే నాలుగుసార్లు కొడితే ఇంకెంత బాగుంటుందో అనుకున్నారు. ‘చాలా’ బాగుంటే ‘ఇంకా’ బాగుంటుందనుకోవడం మనిషి సహజం. గీత ఎక్కడుందో చెప్పేవాళ్ళు తక్కువ. మందు అమ్మేవాళ్ళు ఎక్కువ.

విడవకుండా మందు కొట్టేసరికి చేనుకు మేలుచేసే మిత్రపురుగులు చచ్చిపోయాయి. అవి లేకపోవడంతో తెల్లదోమ విజృంభించింది. మందుకు చావని శనగపచ్చ పురుగులు మిగిలి, వాటి సంతానమే పెరిగింది. దాంతో 1987-88 నాటికి ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావని పరిస్థితి వచ్చింది. పదో తరగతి సూత్రంలో చెప్పాలంటే ఎంత ఎక్కువ మందు కొట్టారంటే, ఆ మందు ఇక పనిచేయలేదు. ‘టూ మచ్ టు వర్క్’! పంట పోయింది. మందుల కొట్టులో బాకీ మాత్రం నిలిచింది. ఆ రోజుల్లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పలువురు పత్తిరైతులు ప్రాణాలు తీసుకున్నారు. ‘టూ’ వెనక దాక్కున్న ‘నాట్’ అంత క్రూరంగా ఉంటుంది.

వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ గీతకు ఒక పేరు పెట్టారు... ఆర్థిక నష్టపరిమితి స్థాయి. పురుగు కనపడగానే మందు కొట్టకూడదు. అది చేసే నష్టం, దాన్ని చంపడానికయ్యే ఖర్చును దాటుతుందని తేలినప్పుడే కొట్టాలి. అప్పటిదాకా పురుగులు ‘చాలా’ ఉన్నట్టు. అప్పటి నుంచీ ‘మరీ’ ఉన్నట్టు. చేలో తిరిగి మొక్కల మీద పురుగుల్ని లెక్కపెడితేనే ఆ తేడా తెలుస్తుంది. కొందరు ఇంకో అడుగు ముందుకేశారు. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామస్థులు వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం లాంటి వాటితో సేద్యం చేసి, 2003లో తమది పురుగుమందులు లేని ఊరని ప్రకటించుకున్నారు. ‘మరీ’ని చూసినవాళ్ళకే ‘చాలు’ విలువ తెలుస్తుంది.

కొలబద్ద ఎవరి చేతిలో?

పురుగుల్ని లెక్కపెట్టొచ్చు. ఉప్పును తూచొచ్చు. మరి మనిషి మాటను? మనిషి నడకను? ‘మరీ ఎక్కువ మాట్లాడుతోంది’, ‘మరీ ఎగిరిపడుతున్నాడు’ అంటుంటారు. ఈ వాక్యాల్లో కొలబద్ద ఎవరి చేతిలో ఉంది? అన్నవాళ్ళ చేతిలో ఉంది. ‘టూ’ తీర్పు అని ముందే చెప్పుకున్నాం. తీర్పు చెప్పే హక్కు ఎవరికుందన్నది వ్యాకరణం చెప్పదు. ఊరు చెబుతుంది.

కారంచేడు పేరు దేశమంతా తెలిసింది గోంగూర వల్లా కాదు, సినిమాల వల్లా కాదు. 1985 జులై 17 వల్ల. అంతకు ముందురోజు సాయంత్రం మాదిగపల్లెవాళ్ళు మంచినీళ్ళు తెచ్చుకునే చెరువు దగ్గర గొడవ జరిగింది. ఆ నీళ్ళు మురికి చేయొద్దని అడ్డుచెప్పిన దళిత యువకుణ్ని ఆధిపత్య కులానికి చెందిన కుర్రాళ్ళు కొట్టబోయారు. నీళ్ళకొచ్చిన ఒక దళిత మహిళ తన బిందె ఎత్తి అడ్డుకుంది. అంతే జరిగింది. తాగేనీళ్ళు పాడుచేయొద్దనడం ఏ కొలబద్దతో కొలిచినా ఎక్కువ కాదు. ‘ఈ నీళ్ళు మేమూ తాగుతాం’ అని గుర్తుచేయడమే అది. కానీ ఊళ్ళో పెత్తనం చేసేవాళ్ళకు అది ‘మరీ’ అనిపించింది. తెల్లారాక మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. మహిళల మీద అత్యాచారాలు జరిగాయి. మిగిలినవాళ్ళు ఊరు విడిచి చీరాలకు వెళ్ళి తలదాచుకున్నారు.

చీరాల శిబిరం నుంచి ఉద్యమం లేచింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటి వాళ్ళ నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది. దేశంలో ఇలాంటి దాడులను ఆపాలన్న ఒత్తిడి పెరిగి, 1989లో పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. ఆ ఒత్తిడి వెనకున్న పేర్లలో కారంచేడు ఒకటి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2008లో తుది తీర్పు వచ్చింది. ఒక బిందె నీళ్ళ దగ్గర మొదలైన న్యాయం కోసం 23 ఏళ్ళు!

ఇంగ్లిషులో ఒకే మాటకు ‘కూడా’, ‘మరీ’ అని రెండు అర్థాలున్నాయని అనుకున్నాం కదా. ఆ రెంటి మధ్య గొడవే ఇది. ఒకరు ‘మేమూ’ అంటారు. ఎదుటివారికి అది ‘మరీ’ అని వినిపిస్తుంది. బళ్ళో మేమూ కూర్చుంటామన్న ఆడపిల్లకూ అదే జవాబు ఎదురైంది. బావిలో మేమూ తోడుకుంటామన్న కులాలకూ అదే జవాబు ఎదురైంది. అమెరికాలో టరానా బర్క్ 2006లో ‘మీ టూ’ అని మొదలుపెట్టి, 2017లో అది ప్రపంచమంతా పాకినప్పుడు కూడా అంతే. ‘నాకూ జరిగింది’ అని ఆడవాళ్ళు చెబుతుంటే, ‘ఇది మరీ టూ మచ్’ అన్న గొంతులు ఎన్ని లేచాయో గుర్తుచేసుకోండి. ఒకరి దీర్ఘం హక్కు. ఇంకొకరి దీర్ఘం అడ్డు.

అందుకే ఎవరినైనా ‘మరీ’ అనబోయే ముందు ఒక్క క్షణం ఆగడం మంచిది. దేనికన్నా మరీ? ఎవరి లెక్కలో మరీ? ఇదే పని మనవాళ్ళు చేస్తే ‘చాలా’ అని మెచ్చుకునేవాళ్ళమా? అబ్బాయి గట్టిగా మాట్లాడితే ‘చాలా’ ధైర్యం, అమ్మాయి మాట్లాడితే ‘మరీ’ నోరు అంటున్నామంటే తప్పు మాటలో లేదు, కొలబద్దలో ఉంది.

గీత తెలిసిన చోట...

* ఉప్పు: పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే సుమారు ఒక టీస్పూను. పచ్చళ్ళు, అప్పడాల్లో ఉన్నదీ ఈ లెక్కలోకే వస్తుంది.

* జ్వరం బిళ్ళ: పారాసెటమాల్ ఆరోగ్యవంతులైన పెద్దలకు 24 గంటల్లో మొత్తం 4 గ్రాములు దాటకూడదు. 500 మిల్లీగ్రాముల బిళ్ళలైతే ఎనిమిది. అది పై హద్దు, వేసుకోవాల్సిన లెక్క కాదు. కాలేయ సమస్యలున్నవారికి, మద్యం అలవాటున్నవారికి హద్దు ఇంకా తక్కువ. డాక్టరును అడిగే వేసుకోవాలి. జలుబు మందుల్లోనూ అదే మందు ఉండొచ్చు, పేరు చూసుకోవాలి.

* పురుగుమందు: డబ్బా మీదున్న మోతాదు చూడకుండా ‘చేతివాటం’గా కలపొద్దు. ఎగుమతయ్యే మిర్చిలో మందు అవశేషాలు ఎంత వరకూ ఉండొచ్చో కొనే దేశాలు అంకెల్లో రాసి పెట్టుకుంటాయి. ఆ అంకె దాటితే సరుకు వెనక్కే.

విస్తరి మీద చెయ్యి

హద్దు ఎక్కడుందో చెప్పడానికి మన ఇళ్ళల్లో ఒక అందమైన పద్ధతి ఉంది. బంతిభోజనాల్లో చూడండి. వడ్డించేవాళ్ళు ‘ఇంకొంచెం... ఇంకొంచెం’ అంటూ వస్తారు. తినేవాళ్ళు ‘చాలు చాలు’ అంటారు. మాట వినకపోతే ఇక ఆఖరి అస్త్రం... విస్తరి మీద అడ్డంగా చెయ్యి పెడతారు. ఆ చేతిని తోసి వడ్డించే గరిటె ఉండదు. (అతిథిలో ఉన్న ‘అతి’కీ ఈ ‘అతి’కీ చుట్టరికం లేదులెండి. మన మర్యాదలు చూస్తే ఉన్నట్టే అనిపిస్తుంది కానీ!)

ఆ చేతిలో ఒక న్యాయం ఉంది. పెట్టేవారి ప్రేమ ఎంతదైనా, హద్దు చెప్పాల్సింది తినేవారు. కడుపు వాళ్ళది కాబట్టి. చేనుకైనా, చెరువుకైనా ఇదే లెక్క. మోసేవాళ్ళు ‘చాలు’ అంటే చాలు. వాళ్ళు ‘మరీ’ అంటే అది మరీనే.

మళ్ళీ మన కారంచేడు ఇంటికి వెళ్దాం. నాయనమ్మ రెండో ముద్ద మనవడి నోటి దాకా తెచ్చింది. వాడు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఈసారి కోడలు సరిగ్గా చెప్పింది.

‘మరీ కారంగా ఉందంట అత్తయ్యా. తినలేకపోతున్నాడు.’

‘అయ్యో నా తండ్రీ! ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా’ అంటూ పెద్దావిడ లేచి వెళ్ళి పెరుగు గిన్నె, రెండు మామిడిపండ్లు తెచ్చింది. ఒకటి కోసి కొడుకు పళ్ళెంలో వేసింది. మనవడు నోటి మీద నుంచి చేతులు తీశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఈసారి ఇంగ్లిషు వెతుక్కోలేదు.

‘నాకూ...’ అన్నాడు, దీర్ఘం తీస్తూ.